ఏడో నంబరు నత్త

లిస్బన్ దగ్గరి సెతుబల్ ఊళ్లో ఆ జూన్ మంగళవారం ఉదయం యులాలియా టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు తనిఖీ అధికారిణి వస్తుంది. ఆటిజం ఉన్న పదో తరగతి పిల్లల జీవశాస్త్రం క్లాసు చూస్తుంది. పదహారేళ్ల తెల్మో మూడు వారాలుగా పెంచుతున్న ఏడో నంబరు నత్త గురించి తన డైరీ చదువుతాడు. అది బాగా జరిగితే పిల్లలు వచ్చే ఏడూ జీవశాస్త్రం చదువుకుంటారు. లేదంటే ఆ గంటలు తీసేసి వాళ్లను బుట్టల అల్లికకు పంపిస్తారు. తెల్మో కొత్తవాళ్ల ముందు ఇంతవరకూ నోరు విప్పలేదు. అందుకే టీచరుకు రెండు రోజులుగా తిండి సయించడం లేదు.

ఎండలు మండిపోతున్నాయని ముందురోజు సాయంత్రం ఎనిమిది నత్తలున్న పెట్టెను ఆమె బడి వంటగది ఫ్రిజ్‌లో, కింది అరలో పెట్టింది. చల్లగా ఉంటే అవి హాయిగా నిద్రపోతాయి. పొద్దున వెళ్లి చూస్తే అర ఖాళీ. పొయ్యి మీద పెద్ద గిన్నె కుతకుతలాడుతోంది. వెల్లుల్లి వాసన గుప్పుమంది.

"ఏం వండుతున్నారు, ఎర్మెలిందా గారూ?"

"నత్తలేనమ్మా!" అంది వంటావిడ సంబరంగా. "జూన్‌లో, నత్తలు తినే కాలంలో, లిస్బన్ నుంచి తనిఖీకి మనిషి వస్తే నత్తలు పెట్టకుండా పంపిస్తామా? మన పరువేం కాను?"

"ఎక్కడివి?"

"ఎక్కడివేంటి, ఫ్రిజ్‌లోవి!"

టీచరు గిన్నె మూత తీసి చూసే ధైర్యం లేక క్లాసుకు పరుగెత్తింది.

క్లాసులో గోడకు బొమ్మల పలక ఉంది. ఏ గంటకు ఏం జరుగుతుందో అందులో బొమ్మల కార్డులు చెబుతాయి. "వచ్చీ రాగానే ముందు పలక చూడండి" అని రెండేళ్లుగా ఆమె గొంతు పోయేలా చెబుతూనే ఉంది. ఇప్పుడు పది గంటల వరుసలో ఉన్న కార్డులన్నీ చూడకుండానే ఒక్క గుప్పిట్లో పీకి, ల్యాబ్ కోటు జేబులో కుక్కి, ఆకు బొమ్మ తగిలించింది.

తెల్మో వచ్చి పలక చూశాడు. చెవులకు శబ్దం వినిపించని తొడుగులు పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు.

"తెల్మో, నాన్నా, ఆకుకీ ప్రాణం ఉంటుంది కదా!"

"నిన్న నత్త అన్నారు."

"అన్నాననుకో, కానీ..."

"నిన్న నత్త."

ఇక వాదించి లాభం లేదు. టీచరు బడి ఎదురుగా ఉన్న సారాయి అంగడికి పరుగు తీసింది.

"పొద్దున్నే నత్తలా టీచర్? బీరు కూడా పొయ్యమంటారా?" అన్నాడు అంగడి యజమాని.

"వండినవి కాదు, బతికున్నవి కావాలి!"

"బతికున్నవి తినడం ఎప్పట్నుంచి మొదలెట్టారు?"

ఆమె సైజు చూసి ఎనిమిది ఏరుకుని వచ్చింది. పలక మీద ఆకు తీసి, సొరుగులోంచి ఇంకో నత్త కార్డు పెట్టింది. బడి గుమాస్తావిడ దగ్గర ఎర్రటి గోళ్లరంగు అడిగి తెచ్చి, పెంకుల మీద నంబర్లు వేయసాగింది. ఏడు వేసి ఎనిమిదోది పట్టుకోగానే గుమ్మంలో తనిఖీ అధికారిణి ఫ్రగోజో ప్రత్యక్షమైంది, అరగంట ముందే.

"గోళ్లకు రంగా, టీచర్?"

"అవునండీ... మీరు వస్తున్నారని." చెయ్యి వెనక్కి దాచుకుంది. ఎనిమిదో నత్త చొక్కా చేతిలోకి పాకింది.

పది కొట్టింది. తెల్మో తొడుగులు తీసి వచ్చి, ఏడో నంబరు నత్తను వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"ఇది ఏడు కాదు."

ఫ్రగోజో పెన్ను కదిలింది.

"సరిగ్గా చూడు నాన్నా, అదే..."

"ఏడుకి పెంకు అంచు విరిగింది. దీనికి విరగలేదు. రంగు ఇంకా తడిగా ఉంది." ఎర్రగా అంటుకున్న బొటనవేలు అందరికీ చూపించాడు. ఫ్రగోజో ఆ వేలినీ, రంగే లేని టీచరు గోళ్లనీ మార్చి మార్చి చూసింది.

టీచరుకు ఏడుపు ఆగలేదు. "నన్ను క్షమించు తెల్మో. మన నత్తలు గిన్నెలో ఉడికిపోయాయి. నేనే ఫ్రిజ్‌లో పెట్టాను."

"గిన్నెలో మనవి లేవు," అన్నాడు తెల్మో. "అవి వంటావిడ కొని ఫ్రిజ్‌లో పెట్టుకున్నవి. మనవి ఎనిమిదే, అంత పెద్ద గిన్నె నిండదు. ఫ్రిజ్ మీద తిండి బొమ్మ ఉంది. నత్తలు జంతువులు. పొద్దున్నే నేను మార్చేశాను."

"నాకెందుకు చెప్పలేదురా?"

"పలక మీద కార్డు పెట్టాను."

"ఏ కార్డు?"

"మీ జేబులో ఉంది."

టీచరు జేబులోంచి నలిగిన కార్డు తీసింది. నత్త, బాణం, మెట్ల కింది అలమర.

తెల్మో వెళ్లి పెట్టె తెచ్చాడు. ఫ్రగోజోకు వీపు పెట్టి, అంచు విరిగిన ఏడో నంబరుకే చెబుతున్నట్టుగా, మూడు వారాల డైరీ పదకొండు నిమిషాలు చదివాడు. టీచరు మళ్లీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. చొక్కా చేతిలో ఎనిమిదో నత్త మోచేతి దాకా వచ్చిందని కూడా ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం రెండు పళ్లేల నత్తలు తిన్నాక ఫ్రగోజో నివేదిక రాసింది. జీవశాస్త్రం కొనసాగించాలి. బొమ్మల పలక వాడకంలో విద్యార్థులు నిష్ణాతులు. ఉపాధ్యాయినికి శిక్షణ అవసరం.