నరసయ్య మాస్టారి వెన్నుపూసలు

ఆ ఆదివారానికి నరసయ్య మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. మేక వెన్నెముకను ఉడకబెట్టి, కండ ఊడదీసి, పూసలు ఎండబెట్టాలి. బళ్లో ఉన్న పాత నమూనాను ఎలుకలు కొరికేశాయి. రేపే తనిఖీ. మేకకూ మనిషికీ వెన్నుపూసల్లో పోలిక ఏమిటో పిల్లల చేతికిచ్చి చూపించకపోతే మెమో తప్పదని హెడ్మాస్టరు ముందే చెప్పాడు. మాస్టారికేమో నెలరోజులుగా నడుము పట్టేసి ఉంది. ఎవరితోనూ మాట పడే ఓపిక కూడా ఆయనకు లేదు.

మాంసం కొట్టు నుంచి వంగి నడుస్తూ వచ్చి, సంచి అత్తగారు ఆదిశేషమ్మ చేతికిచ్చాడు.

"బాగా ఉడకబెట్టు అత్తా. ఒక్క ఎముకా విరగకూడదు. నేను మాత్రేసుకుని కాసేపు పడుకుంటా."

"అట్నే నాయనా."

అల్లుడు ఒక చేత్తో నడుమూ, ఒక చేత్తో వెన్నెముకా పట్టుకొచ్చాక ఆమెకు ఇంకెవరైనా విడమరిచి చెప్పాలా? ఏ పెద్ద డాక్టరో చెప్పిన వైద్యమనుకుంది. పసుపు, మిరియాలు, వెల్లుల్లి దండిగా వేసి డేగిసా పొయ్యిమీద పెట్టింది. అసలే నాట్ల కాలం. ఆ వీధిలో నడుము నొప్పి లేని ఆడమనిషి లేదు. వాసన పట్టుకుని ముందుగా ఎదురింటి మాలకొండమ్మ వచ్చింది.

"ఏందత్తా అది?"

"నడుం నొప్పికి మందు మే. మా అల్లుడు తెచ్చినాడు."

"సైన్సు సారు తెచ్చినాడంటే ఊరికే తెస్తాడా! నాకూ రవ్వంత పొయ్యి."

మాస్టారు కళ్లు తెరిచేసరికి వసారా నిండా ఆడవాళ్లు, చేతుల్లో గిన్నెలు. రేపటి పాఠం అందరి నోళ్లలోనూ ఉంది.

"ఆపండి! అది బడికి!" అని లేవబోయాడు. నడుము కలుక్కుమంది. ఉన్నచోటే కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

"అంతగా అరవాల్నా సారూ?" అంటూ మాలకొండమ్మ ఒక పూసను పళ్లెంలో పడేసింది. "ఎముకలు మేమేం చేసుకుంటాం? ఇదో, అన్నీ నీకే."

మాస్టారు తీసి చూశాడు. కండ పీలిక లేదు, మూలుగ చుక్క లేదు. వారం నానబెట్టినా అంత శుభ్రం కావు. కాకపోతే అన్నీ పచ్చగా ఉన్నాయి.

మర్నాడు తనిఖీ అధికారి ఒక పూసను వెలుతురుకెత్తి చూశాడు.

"ఎంత బాగా శుభ్రం చేశారండీ! ఈ రంగేమిటి?"

"పసుపు సార్. పురుగు పట్టకుండా," అన్నాడు మాస్టారు నీరసంగా.

"భేష్! మండలంలో బళ్లన్నిటికీ మీరే చేసి పంపండి."

ఆ కబురు మాస్టారికంటే ముందే వీధికి చేరింది. ఆయన వచ్చేసరికి ఆదిశేషమ్మ ఇంకా పెద్ద డేగిసా తోముతూ కనిపించింది.

ఎవరి నడుము కోసమని నిన్న ఆ పొయ్యి వెలిగిందో, ఆ నడుముకు చుక్క కూడా మిగల్లేదన్న సంగతి ఇప్పటికీ ఎవరికీ గుర్తు రాలేదు.