సున్నా వచ్చే దాకా

పౌరసేవల మంత్రిగారు సోమవారం పొద్దున్నే ప్రజలకు శుభవార్త చెప్పారు. ఇకమీదట ఫిర్యాదులన్నీ డేటాబేసులోకి వెళ్తాయట. "ఒక్క బటన్ నొక్కితే నగరంలో ఏ మూల ఏం బాగాలేదో రిపోర్టు నా కళ్లముందు పడాలి! నెలరోజుల్లో ఆ బటన్ మీ అందరి ఎదుటా నేనే నొక్కుతాను" అన్నారు. బటన్ నొక్కడమంటే మాటలు కాదు. అంతటి బరువు ఆయన నెత్తిన వేసుకుని, రిపోర్టు తయారుచేసే చిల్లరపని మాత్రం హెడ్‌క్లర్కుకి వదిలారు.

ఆవిణ్ణి ఆఫీసులో రిజిస్టరమ్మ అంటారు. ముప్పై ఏళ్లుగా ఫిర్యాదుల రిజిస్టర్లు రాస్తోంది. మౌస్ ముట్టుకోవడం అదే మొదలు.

"టేబుల్ అంటే మీ రిజిస్టరే మేడమ్. క్వెరీ అంటే మీరు దాన్ని అడిగే ప్రశ్న" అంది నేర్పడానికొచ్చిన ట్రైనర్.

"అడిగితే చెప్తుందా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్తుంది."

"అలాంటిదాన్ని మనాఫీసువాళ్లు ఎలా కొన్నారమ్మా?"

రెండువారాలు కళ్లద్దాలు తుడుచుకుంటూ, చేసిన తప్పే మళ్లీ చేస్తూ, మొత్తానికి పట్టు సాధించింది. వీధులవారీగా మొదటి రిపోర్టు ప్రింటరులోంచి వెచ్చగా బయటికొస్తే పురిటిబిడ్డని అందుకున్నట్టు రెండు చేతులా అందుకుంది. పరిష్కారం కానివి పద్దెనిమిది వేల మూడువందల నలభై రెండు. అందులో ఒకటి ఆవిడదే. వాళ్ల వీధిలో మురికికాలవ మూత లేక, కోడలు కాలు విరగ్గొట్టుకుని మూలన కూర్చుంది.

డైరెక్టర్ రిపోర్టు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మంత్రిగారు రిపోర్టు అడిగారమ్మా, శాపనార్థాలు కాదు. దీంట్లో ఫిల్టర్ అని ఏదో ఉంటుందిగా?"

"ఉందండి."

"ఏడాది దాటినవి తీసెయ్యండి. అవి ఫిర్యాదులు కావు, చరిత్ర."

తీసింది. ఏడువేలు మిగిలాయి.

"ఒకే సంగతి రెండుసార్లు రాసినవాళ్లని తీసెయ్యండి. అది ఫిర్యాదు కాదు, అలవాటు."

రెండువేలు.

"కోపంగా రాసినవి?"

"కోపానికి కాలమ్ లేదండి."

"ఆశ్చర్యార్థకం ఉన్నవన్నీ తీసెయ్యండి."

నలభై ఒకటి. డైరెక్టర్ మొహం విప్పారింది. సాఫ్ట్‌వేర్ అంటే ఇదీ అన్నాడు.

ఇంటికెళ్లాక కోడలు అడిగింది, "ఫిల్టర్ అంటే ఏంటత్తయ్యా?"

"జల్లెడే అనుకో."

"మరి జల్లెట్లోంచి పోయినవాళ్ల సంగతేంటి?"

అత్తగారు లేచి కోడలి కాలికింద దిండు సర్దింది.

మర్నాటికి నలభై కూడా పోయాయి. ఒక్కటి మాత్రం మొండికేసింది. వయసు నెలే, ఒక్కసారే రాసింది, మర్యాదగా ఉంది.

"ఎవరిదిది?" అన్నాడు డైరెక్టర్.

"నాదేనండి. మురికికాలవ మూత."

"మీరు ఉద్యోగి. ఉద్యోగి రాస్తే ఫిర్యాదు అవదమ్మా, సలహా అవుతుంది. తీసెయ్యండి."

ఆవిడ రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. నొక్కింది.

సభరోజు హాలు కిటకిటలాడింది. వేదిక మీద గోడంత తెర, పక్కన కంప్యూటరు ముందు రిజిస్టరమ్మ. మంత్రిగారు కండువా సవరించుకుని, ఫొటోగ్రాఫర్లు సిద్ధమేనా అని చూసుకుని బటన్ నొక్కారు. తెరమీద ఇంత లావు సున్నా పడింది.

చప్పట్లు ఆగలేదు. మంత్రిగారు మైకు అందుకున్నారు. "సున్నా! ఒక్క ఫిర్యాదు లేదు! దీనివెనక మా శాఖ రాత్రింబవళ్ల శ్రమ ఉంది. ఏమ్మా, ఇన్నేళ్లలో మనం పరిష్కరించినవి ఎన్నో అదీ చూపించు. జనం కళ్లారా చూడాలి!"

ఇది కార్యక్రమంలో లేదు. వేదిక కింద డైరెక్టర్ రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. రిజిస్టరమ్మ అటు చూడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. నెమ్మదిగా, నేర్పినట్టే, ఒక్కో గడీ నింపింది.

"నొక్కండి సార్."

మంత్రిగారు నొక్కారు. తెరమీద మళ్లీ సున్నా, అంతే లావుది.

ఈసారి హాల్లో ఎవరో దగ్గింది కూడా వినబడింది. మంత్రిగారు మైకు మీద చెయ్యి అడ్డంపెట్టి, నవ్వు చెదరకుండా వంగారు.

"దీనికేం ఫిల్టర్ వేశావమ్మా?"

"ఏమీ వెయ్యలేదండి" అంది రిజిస్టరమ్మ.