క్లియోనెలో వడగళ్ళు పడవు

మబ్బుల మీద కాపలాకు జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న ఊరు మాది. క్లియోనెలో పుట్టని వాళ్ళను చూస్తే నాకు జాలి! పక్కనే ఉంది కొరింథు పట్నం. ఓడలున్నాయి, పాలరాతి మెట్లున్నాయి, ఏం లాభం? వడగళ్ళు పడితే ఆకాశాన్ని తిట్టుకోవడం తప్ప ఆ అమాయకులకు దిక్కులేదు. ఆకాశాన్ని సభకు పిలిపించి సంజాయిషీ అడగగలరా?

మేం అడగగలం. మాకు ఆకాశం తరఫున ఫైడిమస్ ఉన్నాడు. వడగళ్ళ కావలి ఆయన ఉద్యోగం. కొండ మీద పందిరి కింద పడుకుని, క్షమించాలి, కూర్చుని మబ్బులను కనిపెట్టి ఉంటాడు. వడగళ్ళ మబ్బు రాగానే కేక పెడతాడు. వెంటనే ఉన్నవాడు గొర్రెపిల్లను కోయాలి, లేనివాడు కోడిని కోయాలి. ఏమీ లేనివాడు సూదితో వేలు గుచ్చుకుని ఒక్క బొట్టు నేల మీద రాల్చాలి. రక్తం రుచి చూడగానే మబ్బు మనసు మార్చుకుని ఇంకో ఊరికి పోతుంది. పొగ దేవతలకు, తొడ ఫైడిమస్‌కు.

ఈ ఏర్పాటులోని తెలివి గమనించారా? వడగళ్ళు పడకపోతే అది ఫైడిమస్ కావలి మహిమ. పడితే? ఎవడో బక్క గొర్రెను కోసి దేవతలను మోసం చేశాడన్నమాట! మా తాతల నాటి నుంచీ ఏ కావలివాడూ తప్పు చేసి ఎరగడు. ఇంత లోపం లేని డిపార్ట్‌మెంట్ రోములో మాత్రం ఉందా?

గిట్టనివాళ్ళు అంటూనే ఉంటారు, మనిషి చూస్తే మబ్బు ఆగుతుందా అని. సరే, ఆయన చూడకపోయి ఉంటే ఇంకెన్ని వడగళ్ళు పడేవో వాళ్ళకు తెలుసా? తెలియదు. నాకూ తెలియదు. మరి తెలియని సంగతి గురించి నోరు పారేసుకోవడం ఎందుకు?

పోయిన ఏడాది ద్రాక్ష రంగు తిరిగే వేళ మాత్రం ఒక చిక్కొచ్చి పడింది. కేక వినిపించింది. ఊరంతా గొర్రెలను కోసింది. నేను ముద్దుగా మేపుకున్న పొట్టేలునే కోశాను. అయినా కోడిగుడ్లంత వడగళ్ళు పడి తోటలన్నీ చితికిపోయాయి. ఒక్క తోట తప్ప. అది నికారెత అనే వితంతువుది. మా తోటకూ ఆమె తోటకూ మధ్య రాతిగట్టే అడ్డు. గట్టుకు ఇటు బురద, అటు నవనవలాడే గుత్తులు! వడగళ్ళు ఎప్పుడూ అంతే, ఒక చార మీద పడి పక్క చారను వదిలేస్తాయి. ఆ సంగతి మా మేకలకు కూడా తెలుసు. కానీ మేకలకు సభలో ఓటు లేదు.

వడగళ్ళు పడితే కావలివాడిని శిక్షించాలని మా చట్టం. ఫైడిమస్‌ను సభకు పిలిచారు. ఆయనేం బెదరలేదు. నికారెతను తీసుకొచ్చి నిలబెట్టమన్నాడు.

"ఏమ్మా, ఆ రోజు నువ్వేం కోశావు?"

"కోయడానికి నా దగ్గరేముందయ్యా? ఉన్న ఒక్క కోడీ ఎండలకే చచ్చింది. సూదితో వేలు గుచ్చుకున్నా. నువ్వు చెప్పిందేగా!"

"ఎంత రక్తం?"

"ఒక్క బొట్టు. ఇంకా గుచ్చుకుంటే తోట ఎవరు తవ్వుతారు, నువ్వొస్తావా?"

"విన్నారా!" అని ఫైడిమస్ జనం వైపు తిరిగాడు. "మీ పొట్టేళ్ళకు లొంగని మబ్బు ఈవిడ బొట్టుకు లొంగిందట. మామూలు ఆడమనిషికి అయ్యే పనేనా ఇది? మబ్బును తన తోట మీద నుంచి తోలి మీ నెత్తిన దించింది!"

ఎంత పెద్ద చిక్కో చూడండి. ఆమె బొట్టు పనిచేసిందంటే ఇన్నేళ్ళూ మేం కోసిన గొర్రెలు దండగ. పనిచేయలేదంటే ఫైడిమస్ దండగ. ఊరంతా తెలివితక్కువదని తేలడం కన్నా ఒక్క ఆడది మంత్రగత్తె అని తేలడం చవక కాదూ?

నికారెత ఊరుకోలేదు. "నాకు మంత్రాలే వస్తే జ్వరంలో పోయిన మొగుణ్ణి బతికించుకోనా? పోనీ, ఆ కోడినైనా బతికించుకోనా?" అంది. దానికి జవాబుగా సభ గట్టిగా అరిచింది. తిలా పాపం తలా పిడికెడు. ఊరు విడిచి పొమ్మని తీర్పు చెప్పారు. ఆమె మూట నెత్తిన పెట్టుకుని ఆర్గోస్ దారి పట్టింది. తోటకు అంటిన మంత్రం వదిలించాలి కనుక దాన్ని ఫైడిమస్‌కు అప్పగించారు. పాపం, ఆ పళ్ళన్నీ ఆయనే కోసుకోవాల్సి వచ్చింది! ఆమె వెనక్కి తిరిగి తోటను చూసుకుంటూ పోతుంటే నేను రాతిగట్టు చాటుకు తప్పుకున్నాను. ఎండ ఎక్కువగా ఉంది మరి.

ఈ ఏడాది మళ్ళీ కేక వినిపించింది. మళ్ళీ కోశాం. మబ్బు కొండ అవతల కాస్త ఉరిమి వెళ్ళిపోయింది. పరుగున పోయి చూస్తే మా తోటలో ఆకు కూడా రాలలేదు. ఎగిరి గంతెయ్యాలి కదా? నాకు చెమటలు పట్టాయి. మా తోటలో పడలేదు, బాగుంది. మిగతా తోటల్లో పడ్డాయో లేదో?

మా ఆవిడ ఆలివ్ కాయలు దులిపే కర్ర తెచ్చి చేతిలో పెట్టింది.

"గుడ్లప్పగించి చూస్తావేందయ్యా? కింది తోటలో లాఖెస్ వాళ్ళు ఇంటిల్లిపాదీ కర్రలతో దిగారు. మనదొక్కటే పచ్చగా కనబడిందంటే రేపు సభలో నన్ను నిలబెడతారు. కొట్టు!"

కొట్టాను. కొండ దిగువ దాకా కర్రల చప్పుడే. సాయంత్రానికి మా ఊరి తోటల్లో గుత్తి నిలిస్తే ఒట్టు.

మర్నాడు ఫైడిమస్ సభలో లేచి, ఈ ఏడాది క్లియోనెలో ఒక్క వడగల్లు కూడా పడలేదని ప్రకటించాడు. అక్షరాలా నిజం! బొబ్బలెక్కిన చేతులతోనే అందరం చప్పట్లు కొట్టాం. ఊళ్ళో పచ్చగా మిగిలింది ఆయన తోట ఒక్కటే. అదెలా మిగిలిందని ఎవరూ అడగలేదు. అడగడానికి ఆయనేమైనా మంత్రగత్తా? ఆఫీసరు!