విశ్రాంతి ఎరగని మంత్రిగారి పందిరి

ఇక దేశంలో కరెంటంతా ఎండ నుంచే వస్తుందని, డీజిల్ అనే మాటని పిల్లల పుస్తకాల్లోంచి కూడా తీసేస్తామని విద్యుత్ మంత్రి ఫాతుమోయా గారు రేడియోలో ప్రకటించారు. ప్రకటన సగంలో ఉండగా రాజధానిలో కరెంటు పోయింది. మిగతా సగం మర్నాడు చదివారు. అంత పట్టుదల గల మనిషి.

తొలి నూరు శాతం దీవిగా మా లోతుమోవాని ఎంచారు. మూడొందల మందిమి, అంతకు రెట్టింపు పందులు, ఒక ఆసుపత్రి గది, అందులో ఒక ఫ్రిజ్. ఫ్రిజ్‌లో పదిహేడు మంది షుగరు ఇంజెక్షన్లు. మా అక్క వికా మందు కూడా అందులోనే. ఇంతకాలం ఓ ముసలి డీజిల్ ఇంజను దగ్గుతూ దాన్ని నడిపింది.

ఓడలో సోలారు పలకలొచ్చాయి. మాకు చదునైన చోటు ఒక్కటే, అతిథుల్ని కూర్చోబెట్టే మైదానం. అక్కడే మోకాలెత్తు స్టాండ్ల మీద పరిచారు. ఐదు రోజులు ఫ్రిజ్ దగ్గు లేకుండా నడిచింది. నర్సు సెపెసా దానికి చెవి ఆనించి మరీ వినేది.

ఆరో రోజున, ప్రారంభించడానికి మంత్రిగారు వస్తున్నారని కబురు.

పెద్ద అతిథిని ఎండలో కూర్చోబెట్టడం మాలో లేదు. కొబ్బరాకుల పందిరి వెయ్యాలి. అది మైదానంలోనే వెయ్యాలి.

"పలకల మీదుగానా పెద్దయ్యా? మరి వాటికి ఎండ తగలద్దూ?" అంది సెపెసా.

"వాటికి తగిలితే మంత్రికీ తగులుతుంది. నీ సూదుల సంగతి నువ్వు చూసుకోవమ్మా," అన్నాడు ఊరి పెద్ద మనాసే.

"ఒక్క పూటే కదా," అన్నాను నేను. ఆకు అల్లడంలో నా చెయ్యి మంచిదని పేరు. చినుకు దూరకుండా అల్లాను.

మంత్రిగారు వచ్చి, ఆ నీడలో చల్లగా కూర్చుని, "ఎండే మన సంపద!" అన్నారు. డీజిల్ ఇంజను ఇక అక్కర్లేదని తన ఓడెక్కించారు. వృథా పోకూడదని క్యాబిన్‌లో ఏసీకి తగిలించుకున్నారు.

వెళ్ళే ముందు అతిథి "విశ్రాంతి తీసుకున్నాను" అనాలి. అన్నాకే పందిరి విప్పుతాం. అనకుండా విప్పితే అతిథిని ఎండలోకి గెంటినట్టే. మా తాతల కాలం నుంచీ ఆ పని ఎవరూ చెయ్యలేదు.

మనాసే వంగి అడిగాడు. "దొరా, విశ్రాంతి తీసుకున్నారా?"

మంత్రిగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "నూరు శాతం అయ్యేదాకా నాకు విశ్రాంతి లేదు!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

మర్నాటికి ఫ్రిజ్ ఆగిపోయింది. సెపెసా మందులు తడిగుడ్డలో చుట్టి బావిలోకి దింపింది. బావిలో మందు బలం తగ్గింది. అక్క కాలి మీద పుండు లేచి, నాలుగు నెలలకి అరచెయ్యంత అయింది. మంత్రిగారికి ఉత్తరాలు రాశాం. ఆయన విదేశీ సదస్సుల్లో ఉన్నారని, అక్కడా విశ్రాంతి తీసుకోవడం లేదని జవాబొచ్చింది. నెలనెలా రాజధాని నుంచి ఒక ఫారం మాత్రం తప్పకుండా వచ్చేది. వాడిన డీజిల్ ఎంత? సున్నా అని రాసి పంపేవాళ్ళం. అబద్ధం రాయడం మాకు చాతకాదు.

ఏడో నెలకి ఆకు ఎండి చిల్లులు పడింది. ఒక మధ్యాహ్నం ఫ్రిజ్ ఉలిక్కిపడి మూలిగింది. సెపెసా పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, ఆ పందిరి మీద చెయ్యి వేశావంటే నీతో మాట్లాడను!"

"పందిరి వైపే చూడను తల్లీ."

మందులు బావిలోంచి ఫ్రిజ్‌లోకి వచ్చాయి. రెండు వారాలకి అక్క పుండు అంచులు దగ్గరపడ్డాయి.

అప్పుడే రేడియో చెప్పింది. చుక్క డీజిల్ కాల్చలేదు కాబట్టి లోతుమోవా నూరు శాతం సాధించిందట. మంత్రిగారికి విదేశాల్లో పతకం ఇచ్చారట. దాన్ని మాకు చూపించడానికి ఆయనే వస్తున్నారట.

"నూరు అయిపోయింది కదన్నా. ఈసారి ఆ మాట అంటాడు," అంది సెపెసా.

అనుకున్నదానికంటే ముందే ఓడ వచ్చేసింది. ఆకు మార్చే వ్యవధి లేదు. మంత్రిగారు పతకంతో పందిట్లో కూర్చున్నారు. సెపెసా మనాసేని పక్కకి తోసుకుని ముందుకెళ్ళింది.

"దొరా, నూరు శాతం అయింది. ఇప్పుడైనా విశ్రాంతి తీసుకున్నారా? ఒక్కసారి అవునని అనండి దొరా."

ఓ ఆడపడుచు తన ఆరోగ్యం గురించి అంత ఆరాటపడటం చూసి మంత్రిగారు పతకాన్ని గుండెకి హత్తుకున్నారు.

"చెల్లీ, నూరు దగ్గర ఆగిపోయే మనిషినా నేను? రెండు వందల శాతం! అప్పటిదాకా నాకు విశ్రాంతి లేదు!"

చిల్లులోంచి బిళ్ళంత ఎండ ఆయన బట్టతల మీద పడింది. ఆయన కుర్చీ పక్కకి జరుపుకున్నారు.

మనాసే నావైపు చూశాడు.

సాయంత్రానికి పచ్చి మట్టలు కొట్టుకొచ్చాను. అక్క కుంటుకుంటూ వచ్చి కింద కూర్చుని ఒక్కొక్క ఆకే అందించింది. సెపెసా తడిగుడ్డ పట్టుకుని బావివైపు వెళ్ళింది. నా చెయ్యి మంచిదని పేరు. ఈసారి కూడా చినుకు దూరదు.