కాలికి తెలిసిన దారి

ఆ ఉదయం డ్రైవరు వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. బస్సు పనికి సెలవు పెట్టాడు. పరుపుల వ్యాపారం చేసే బావమరిది దగ్గర వ్యాను అడిగి తెచ్చాడు. కూతురిని పది గంటలకల్లా నీళ్ళ ఆఫీసులో దింపాలి. అక్కడ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. వచ్చే ఏటికి పిల్లకు వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరు అవకాశం.

"సాయంత్రానికి బండి నా గుమ్మంలో ఉండాలి బావా. లోపలున్నవి రేపు ఇచ్చెయ్యాల్సిన పరుపులు," అని ఒకటికి నాలుగుసార్లు చెప్పి గానీ బావమరిది తాళంచెవి వదల్లేదు.

"కాస్త మనసు దారి మీద పెట్టండి," అంది భార్య.

"ఇరవై ఏళ్ళుగా ఇదే దారిలో బస్సు తోలుతున్నా. నాకు చెప్తావేమిటే!"

చిక్కంతా ఆ ఇరవై ఏళ్ళతోనే వచ్చింది. కొత్తగా నేర్చిన పని తలలో ఉంటుంది. పాతబడేకొద్దీ కాళ్ళలోకి దిగిపోతుంది. ఇక తలకు పనేముంది, ఊరేగుతూ ఉంటుంది. డ్రైవరు తల అప్పటికే కూతురి మొదటి జీతంతో ఇంటికి రంగులు వేయిస్తోంది. కాలు మాత్రం మొదటి స్టాపు రాగానే బ్రేకు నొక్కింది.

"ఎందుకు ఆపారు?"

"ఆపానా?"

ఆయన తేరుకునేలోపే వెనక తలుపు తెరుచుకుంది. చంకలో సంచితో ఒక పెద్దావిడ ఎక్కింది. "నువ్వా నాయనా! నిలబడీ నిలబడీ కాళ్ళు పీకేస్తున్నాయి. బస్సు చెడిపోయిందా ఏమిటి?" అంటూ పరుపు మీద కూలబడింది. "పోనీలే, సీట్లు మెత్తగా ఉన్నాయి." ఆవిడ వెనకే నలుగురు ఎక్కారు.

దిగమని చెప్పడానికే డ్రైవరు నోరు తెరిచాడు. కానీ ఆ నోటిదీ ఇరవై ఏళ్ళ అలవాటే. "లోపలికి జరగండి, లోపలికి జరగండి!" అంది.

భార్య నెత్తి కొట్టుకుంది. "పోనివ్వండి, టైమైపోతోంది!"

బండి కదలదే! కాలు దేనికోసమో ఎదురుచూస్తోంది. సంగతి కూతురికి తట్టింది. చెయ్యి బయటపెట్టి రేకు మీద రెండుసార్లు చరిచింది. అంతే, బండి బాణంలా దూసుకుపోయింది.

"చల్లగా ఉండు కండక్టరమ్మా!" అన్నారు వెనకనుంచి.

రెండో స్టాపు రాకముందే భార్య జాగ్రత్తపడి ఆయన తొడ గిల్లింది. ఉలిక్కిపడి సరిగ్గా స్టాపులోనే బ్రేకు తొక్కాడు. ఆరుగురు ఎక్కారు. ఆ తరవాత ఆవిడ గిల్లడం మానేసింది, ఆయన ఆగడం మానలేదు. నీళ్ళ ఆఫీసు దగ్గరకొచ్చేసరికి పరుపుల మీద ఇద్దరు గురకపెడుతున్నారు. ఆఫీసు గోడ మీది గడియారంలో పది దాటిపోయింది.

"అయిపోయింది నాన్నా," అంది కూతురు.

"ఈ కాలు విరగ్గొట్టుకోవాలి తల్లీ," అన్నాడు డ్రైవరు, స్టీరింగు మీద తల వాల్చి.

తీరా చూస్తే ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళంతా మెట్ల మీదే ఉన్నారు. ప్రశ్నలు అడగాల్సిన ఆఫీసర్లు కూడా ఎండలో చెమటలు తుడుచుకుంటున్నారు. తలుపుకు తాళం వేసుంది.

పెద్దావిడ నింపాదిగా వ్యాను దిగి సంచిలోంచి తాళాలగుత్తి తీసింది. "ఏం చెయ్యమంటారండీ, మా బస్సు రాలేదు. పాపం మా డ్రైవరే సొంతంగా వ్యాను తెచ్చి అందరినీ ఎక్కించుకొచ్చాడు. ఈ రోజుల్లో ఇంత బాధ్యతగల మనిషి ఎక్కడుంటాడు!"

బస్సు ఎందుకు రాలేదో డ్రైవరు చెప్పలేదు. పెళ్ళయ్యాక మొదటిసారిగా భార్య కూడా నోరు మెదపలేదు. ఆవిడ కూతురికి తోడుగా దిగిపోయింది. మిగిలినవాళ్ళను ఆయన చివరి స్టాపుదాకా దింపక తప్పలేదు.

సాయంత్రం తల్లీకూతుళ్ళు ఇంటికొచ్చారు. "ఉద్యోగం ఇచ్చేశారు నాన్నా! రేపట్నుంచే రమ్మన్నారు."

డ్రైవరు కాలు తీసి స్టూలు మీద పెట్టాడు. "చూశావుటే! ఈ కాలే లేకపోతే ఆ తాళం ఎవరు తీసేవారు?"

అంతలో బావమరిది గుమ్మంలోకొచ్చాడు. "బావా, బండేదీ?"

డ్రైవరు జేబు తడుముకున్నాడు. తాళంచెవి లేదు. ఇరవై ఏళ్ళుగా పనిదిగి ఇంటికి ఎలా వస్తున్నాడో అలాగే వచ్చాడు: బండి డిపోలో పెట్టి, తాళంచెవి కాపలావాడి చేతికిచ్చి, నడుచుకుంటూ.

భార్య గుమ్మం దగ్గరకు నడిచింది. తలుపు చెక్క మీద రెండుసార్లు చరిచింది. డ్రైవరు కదిలాడు.