వీరప్ప తువ్వాల

జహీరాబాదు బీదర్ జిల్లాను విడిచి మెదక్‌లో చేరిన కొత్తలో మాట ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ, బెంగా కలిసే వస్తాయి. అప్పట్లో పంటినొప్పి వస్తే లవంగం నొక్కిపెట్టుకునేవారు. అప్పటికీ తగ్గకపోతే కమ్మరి పట్టుకారు ఉండనే ఉంది. సర్కారు దవాఖానలోకి పళ్ల కుర్చీ వచ్చిందని అందరికీ తెలుసు. పన్ను పీకిస్తే చూపు పోతుందనీ అందరికీ తెలుసు. అందుకే డాక్టరమ్మ మనోరమ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఊలు అల్లుకునేది.

ఒక వారపు అంగడి రోజు హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు రామచందర్ తనిఖీకి వస్తున్నాడు. రోగులు లేకపోతే కుర్చీ సంగారెడ్డికి పోతుంది. కుర్చీ వెంట దాన్ని తుడిచే వీరప్పా పోవాలి. భార్య బస్వమ్మ చేతి జొన్నరొట్టె లేని ఊళ్లో వీరప్ప ఒక్క పూట ఉండలేడు.

"ఫికర్ జేయకుండ్రి డాక్టరమ్మా! ఒక్క పేషంటన్న ఉంటే సాలు గదా? నేనే కూసుంట," అని బస్వమ్మ కొనిచ్చిన కొత్త తువ్వాల దవడ చుట్టూ కట్టుకుని, దవాఖాన అరుగు మీద మూలుగుతూ కూర్చున్నాడు.

మొగుడంపల్లి నుంచి మిరపకాయలు అమ్మడానికి వచ్చిన నాగవ్వ ఆగి చూసింది. "ఏమైందిరా వీరప్పా?"

నొప్పి ఉన్నవాడు మాట్లాడితే బాగుండదని వీరప్ప ఇంకా గట్టిగా మూలిగాడు.

"అయ్యో, దవాఖానోనికే గవదబిళ్లలు అంటినయి! ఇగ మన గతేంది?" అని నాగవ్వ తన కొంగు దవడకు బిగించి కట్టుకుంది. ముందుగా కట్టుకుంటే బిళ్లలు దరిచేరవని వాళ్ల అత్త చెప్పిందట. ఆమెను చూసి మిరపకాయలవాళ్లు కట్టుకున్నారు, వాళ్లను చూసి ఉల్లిగడ్డలవాళ్లు. కాసేపటికి అంగడంతా దవడలు కట్టుకుని మందు కోసం దవాఖాన ముందు నిలబడింది.

జీపు దిగిన రామచందర్ నోరెళ్లబెట్టాడు. "ఇంతమందా! ముందొచ్చినవాణ్ని కూర్చోబెట్టండమ్మా."

ముందొచ్చినవాడు వీరప్పే. నిజం చెప్పబోయాడు కానీ, సంగారెడ్డి గుర్తొచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. లోపలికి చూసిన మనోరమ ఉలిక్కిపడింది.

"ఇంత పుచ్చిన పన్ను పెట్టుకుని నాకు ఒక్కనాడూ చెప్పలేదేం వీరప్పా?"

"భయమైతది గదమ్మా!"

మత్తుసూది గుచ్చినా, పన్ను పీకినప్పటి కేక మాత్రం బజారు దాకా వినిపించింది. జనం వెనక్కి తగ్గారు. వీరప్ప లేచి, కళ్లు నులుముకుని చుట్టూ చూశాడు.

"కండ్లు మంచిగనే కనవడుతున్నయ్! నాగవ్వా, నీ ముక్కుపుల్ల గూడ కనవడుతుంది!"

నాగవ్వ మెల్లగా కొంగు విప్పింది. "అట్లయితే నాది గూడ జర జూడమ్మా. ఎండకాలం సంది సలుపుతుంది." దాంతో వెనకవాళ్లకూ ఎవరి పన్ను వాళ్లకు గుర్తొచ్చింది.

సాయంత్రానికి రామచందర్ తేల్చేశాడు. "కుర్చీ ఇక్కడే ఉంటుంది." నోట్లో దూదితోనే వీరప్ప నవ్వాడు. పన్ను పోతే పోయింది, రొట్టె దక్కింది.

రామచందర్ అతని భుజం తట్టాడు. "సంగారెడ్డికి వేరే కుర్చీ తెప్పిస్తాం. అక్కడి జనమూ పిరికివాళ్లే. ముందు కూర్చుని ధైర్యం చెప్పడానికి నీలాంటివాడే కావాలి. వెంటనే వచ్చి చేరు."

బస్వమ్మ కళ్లు తుడుచుకుంటూ రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. తువ్వాల మాత్రం ఇవ్వలేదు, మళ్లీ దవడకు కట్టి ఇంకే ఊరికి పోతాడోనని.