ముఖ్య అతిథి రాకముందు వీచిన గాలి

తెరచాప పడవల పందేనికి గాలి లేకపోయినా ఫరవాలేదు గానీ, ముఖ్య అతిథి లేకపోతే కుదరదు. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత దీవుల సంబరాల సమన్వయ ఉపసంఘానిది. (దీవులంటే, శ్రీశైలం డ్యాం నిండినప్పుడు కృష్ణలో నడుము దాకా మునిగే గుట్టలు. నీళ్లు తగ్గితే వాటిమీద మేకలు మేస్తాయి. మేకలకు ఉపసంఘం లేదు.)

శివజ్యోతికి పెళ్లయి నెల కూడా కాలేదు. డిగ్రీ చదివిన ఆ పిల్ల, ఈ ఒడ్డున అందరూ చేసినట్టే యూరియా సంచులు విప్పి, మొగుడు ఉమామహేశ్ పడవకు తెరచాప కుట్టింది. కోడలి కుట్టు ఒక్క గాలికే పిగిలిపోతుందని అత్త సోమక్క అప్పటికే ఊరంతా చెప్పి పెట్టింది. అందుకని ఆ చాప గాలికి ఉబ్బితే చూడాలని శివజ్యోతికి ఒకటే ఆరాటం.

పొద్దున్నే ఒడ్డు జనంతో నిండింది. డప్పులు, రంగులరాట్నం, వేడి వేడి ఉగ్గాని బజ్జీ. బజ్జీ కొరికి నాలుక కాల్చుకోవడం కూడా శివజ్యోతికి పండగలాగే ఉంది. పడమటి గాలి వేళకు వచ్చింది. ముఖ్య అతిథి రాలేదు. ఆయన జెండా ఊపేదాకా చాపలు చుట్టే ఉంచాలని కన్వీనరు గోపన్న మైకులో ఆదేశించాడు.

"గాలి పోతాండాది గోపన్నా," అన్నాడు ఉమామహేశ్. "ఇప్పుడు పోతే మళ్లా మాపటికే."

"గాలి ఈడ రోజూ ఉండేదే గదప్పా," అన్నాడు గోపన్న ఓపికగా. "సారు రోజూ వస్తాడా?"

ఉమామహేశ్ చాప మీద తాడు ఇంకో చుట్టు చుట్టాడు.

మిట్టమధ్యాహ్నం సారు వచ్చి జెండా ఊపాడు. ఊపడం ఆపగానే జెండా కర్రకు అతుక్కుపోయింది. పడవలు కదల్లేదు. ఉపసంఘం నిలబడే సమావేశమై, పడవలన్నిటినీ ఒకే తాడుకు వరసగా కట్టి మోటారు బోటుతో లాగించాలని తీర్మానించింది. వరస హోదాను బట్టి. అధ్యక్షుడి బావమరిది పడవ మొదట, ఉమామహేశ్‌ది చివర. పందెం హోరాహోరీగా సాగింది. ఎవరూ ఎవరినీ దాటలేదు. బావమరిది గెలిచాడు.

"విప్పకుండా బతికిపోయినావు పో," అంది సోమక్క. శివజ్యోతి నవ్వి, అత్త చేతిలో ఇంకో బజ్జీ పెట్టింది.

మాపటికి, వేదిక మీద శాలువాలు కప్పుతుండగా, గాలి తిరిగొచ్చింది. అవతలి గట్టున ఉన్న ఊరికి పోవడానికి ముగ్గురూ పడవెక్కారు.

"విప్పు మామా," అంది శివజ్యోతి మొగుడితో.

చాప ఒక్కసారిగా ఉబ్బింది. పడవ నీళ్లను చీల్చుకుంటూ పోయింది. శాలువాలకు వీపు తిప్పి జనం ఈలలు వేశారు. సోమక్క కుట్టు వెంబడి వేలితో మెల్లగా తడిమింది. ఒక్క పోగు కూడా కదల్లేదు.

"దారం మంచిది," అంది.

వెనక ఒడ్డు నుంచి గోపన్న గొంతు నీళ్ల మీదుగా స్పష్టంగా వినిపించింది. ఆ పడవను వచ్చే ఏటి పోటీ నుంచి తొలగించడమైనది. కారణం: అనుమతి లేకుండా గాలిని వాడుకోవడం.